డార్లా విసిరిన గుండు

శనివారం పొద్దున డార్లా కో-ఆప్ దుకాణంలో దూడల దాణా బస్తాలు సర్దుతూ ఉంటే ఫోను మోగింది. మక్రూమ్ నుంచి ఒక పాల లారీ డ్రైవరు.

"నీ గుండు ఇప్పుడే కోట గుమ్మం ముందు నుంచి పోయింది అమ్మాయ్. కానీ..."

"కానీ ఏంటి?"

"మెల్లగా పోతోంది. మా కుక్క దానితో పాటు నడుచుకుంటూ వెళ్ళింది. పరిగెత్తే పని పడలేదు."

డార్లా చేతిలోని బస్తా జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. తొమ్మిదేళ్ళలో ఆ గుండు మెల్లగా పోతోందన్న మాట ఎవరి నోటా రాలేదు.

డార్లా ఉండే ఊరు డ్రిమ్‌కారాలో ఆదివారం చర్చి వదలగానే జనం ఇళ్ళకు పోరు, రోడ్డు మీదికి పోతారు. పిడికిట్లో పట్టే ఇనపగుండు, రెండు మైళ్ళ వంకరటింకర రోడ్డు. తక్కువ విసుర్లలో చివరి గీత దాటించినవాళ్ళు గెలిచినట్టు. ఆటంతా ఇంతే. ఇంతమాత్రం దానికే ఇక్కడ అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక టూరిస్టు బస్సు ఈ జనంలో ఇరుక్కుపోయింది. అందులోంచి దిగింది డార్లా. మిషిగన్ మనిషి, అక్కడ పళ్ళ డాక్టరు దగ్గర గుమస్తా. పది రోజుల సెలవు మీద దేశం చూడ్డానికి వచ్చింది. ఆడవాళ్ళలో చుట్టుపక్కల తిరుగులేని నోనీ క్రౌలీ ఆ రోజు ఎదురు నిలిచేవాళ్ళు లేక చిరాగ్గా ఉంది. డార్లా చేతిలో కెమెరా చూసి ఆమె నోరు ఊరుకోలేదు.

"ఏం చూస్తున్నావే పిల్లా? ఫొటో తీసుకోడానికి మేమేమన్నా గొర్రెలమా? చేతనైతే ఒకటి విసిరి చూపించు, నాతో పందెం!"

డార్లా స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడిన మనిషి. చెయ్యి గిర్రున తిప్పి కింది నుంచి వదలడం ఆ ఆటలోనూ ఉంది, ఈ ఆటలోనూ ఉంది. కెమెరా పక్కవాళ్ళ చేతిలో పెట్టి గుండు అందుకుంది. ఫాక్ట్నా హర్లీ అనే పాడిరైతు ఆమెకు దారి చూపడానికి ముందుకు వచ్చాడు. గుప్పెడు గడ్డి పీకి, గుండు ఎక్కడ నేల తాకాలో అక్కడ వేశాడు. దాని వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, "ఈ గడ్డి మీద పడి నా కాళ్ళ మధ్య నుంచి పోవాలి" అన్నాడు. గుండు సరిగ్గా ఆ గడ్డి మీదే పడింది, అతని కాళ్ళ మధ్యనుంచే దూసుకుపోయింది. చివరి గీత దాటకుండానే కూడలి దగ్గర పక్కకు తిరిగి డన్‌మాన్‌వే రోడ్డెక్కింది. ఆ తరవాత ఇక ఆగలేదు.

"మంచి విసురే" అన్నారు జనం. నోనీ మాత్రం మొహం ముడుచుకుంది. ఎందుకంటే ఒకరి గుండు ఆగేదాకా ఇంకొకరు విసరకూడదు. విసిరిన మనిషి ఆట వదిలి పోకూడదు. బస్సు కాసేపు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. డార్లా ఆ సాయంత్రం చెల్లెలు జానెల్‌కి ఫోన్ చేసి, "నా గుండు ఇంకా దొర్లుతోందే. ఆగిన రోజున విమానం ఎక్కుతాను, మాటిస్తున్నా" అంది.

అలా ఉండిపోయింది. కో-ఆప్‌లో పని దొరికింది, నోనీ ఇంటి వెనక రెండు గదులు అద్దెకు దొరికాయి. చలికాలంలో కూడా సముద్రంలో ఈత కొట్టి, నీలం పెదాలతో బయటికొచ్చి టీ తాగడం అలవాటైంది. సెలవు దొరికితే చాలు, గుండు వెంట ఊళ్ళు పట్టుకు తిరిగేది. టార్బర్ట్ దగ్గర గుండు పడవెక్కిందట, అవతలి ఒడ్డు వచ్చేదాకా కార్ల మధ్య అటూ ఇటూ దొర్లుతూనే ఉందట. ఆ మాట విని డార్లా అదే పడవ ఎక్కింది. మేయోలో ఒక పెళ్ళికూతురు గౌను ఎత్తి పట్టుకుని దానికి దారి ఇచ్చిందంటే, డార్లా వెళ్ళి ఆ పెళ్ళి భోజనం తిని వచ్చింది. డొనెగల్‌లో వానలో మూడు రోజులు దాని వెనక నడిచింది. అర్మాలో జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడి చప్పట్లు కొట్టారు. రాజధాని డబ్లిన్‌లో మాత్రం ఎవరూ పక్కకు తప్పుకోలేదు, గుండే తప్పుకు పోవాల్సి వచ్చింది. డబ్లిన్ వాళ్ళ దగ్గర ఇంతకన్నా మర్యాద ఎవరు ఆశిస్తారు?

ఆ శనివారం డార్లా దుకాణం సగంలో వదిలేసి ఇంటికొచ్చి జానెల్‌కి ఫోన్ చేసింది. దాచుకుంటే పోయేది కానీ, మాట ఇచ్చిన మనిషి.

"ఆగబోతోందా!" జానెల్ అంత దూరం నుంచి అరిచిన అరుపుకి ఫోను అదిరింది. "అక్కా, నీ గది అలాగే ఉంచాను. దుప్పట్లు ఉతికిస్తా. టికెట్ కొనెయ్యనా?"

"ముందు ఆగనీ" అంది డార్లా. డార్లాకి చెల్లెలంటే ప్రాణం. కానీ మిషిగన్‌లోని ఆ గది తలుచుకుంటే ఎవరిదో గది తలుచుకున్నట్టే ఉంది.

సాయంత్రం ఫాక్ట్నా గేటు దగ్గరికి వచ్చాడు. రోజూ వస్తాడు. యాభై దాటిన మనిషి, పెళ్ళి లేదు, నలభై ఆవులున్నాయి. ఆటలో ఇంకో కట్టుబాటు ఉంది. గుండు దొర్లుతున్నంతసేపూ దారి చూపేవాడు తన మనిషితో దారి మాట తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. మాట్లాడితే గుండు మురుక్కాలవలో పడుతుంది. మామూలుగా ఇది అర నిమిషం మౌనం. ఫాక్ట్నాకి తొమ్మిదేళ్ళయింది. ఎక్కడ మంచు పేరుకుంది, ఏ వంతెన దగ్గర గుంట పడింది, ఇవి తప్ప డార్లాతో ఏమీ అనలేదు. అయినా ఒక్క రోజు కూడా రావడం మానలేదు.

"ఇంచిగీలా దగ్గర కొత్త కంకర పోశారు" అన్నాడు టోపీ తీసి. "అక్కడ ఇంకాస్త జోరు తగ్గుతుంది."

"ఆగిందంటే నేను వెళ్ళిపోవాలి ఫాక్ట్నా."

అతను నోరు తెరిచాడు, మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "డన్‌మాన్‌వే దాటాక పల్లం ఉంది" అన్నాడు.

"నీకు రోడ్డు తప్ప ఇంకేమీ కనపడదా?"

"కూడలి దగ్గర... కూడలి దగ్గర తారు మెత్తగా ఉంది."

డార్లా తలుపు ధడాలున వేసింది. అతను చాలాసేపు గేటు దగ్గరే నిలబడి టోపీ నలిపేసి వెళ్ళాడు. ఇదంతా కిటికీలోంచి చూసిన నోనీ, "దేవుడా, ఈ గాడిదలిద్దరినీ నా పెరట్లోకే తోలాలా?" అనుకుంది.

ఆదివారం పూజ ఎంత త్వరగా అయిపోయిందంటే, ఫాదర్ కూడా వస్త్రాలు విప్పకుండానే రోడ్డు మీదికి వచ్చేశాడు. డ్రిమ్‌కారా రోడ్డు ఎన్నడూ అంత జనాన్ని చూడలేదు. కెర్రీ నుంచి బస్సుల్లో వచ్చారు. పిల్లలు గోడలెక్కారు, ముసలాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. నోనీ తొమ్మిదేళ్ళుగా ఏప్రను జేబులో మోస్తున్న తన గుండు బయటికి తీసి, ఉమ్మేసి తుడిచింది. డార్లా చేతులు జేబుల్లో దోపుకుని నిలబడింది.

"వస్తోంది!" గోడ మీది పిల్లలు కేక పెట్టారు. "కూడలి తిరిగింది! మన రోడ్డే పట్టింది!"

జనం హోరెత్తిపోయారు. మలుపు దాటి గుండు కనపడింది. అరిగి అరిగి నున్నగా, వెండిలా మెరుస్తోంది. వెనకాల మక్రూమ్ నుంచి దాన్ని వదలకుండా వచ్చిన కుక్క. జనం రెండు పాయలుగా విడిపోతూ దారి ఇచ్చారు. తను విసిరిన గుండు! దేశమంతా తిరిగి, ఇంటికి వస్తున్న గుండు! డార్లాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, "రా! రా!" అని అరిచేసింది. వెంటనే నోరు మూసుకుంది, వస్తే ఏమవుతుందో గుర్తొచ్చి.

"గీత దాటేస్తుందిరోయ్!"

"దాటదు! ఊపిరి అయిపోయింది దానికి!"

గీత అంటే పాత పాలకేంద్రం ముందు సున్నంతో గీసిన గీత. సరిగ్గా దాని ఇవతల, అందరూ తప్పుకున్న రోడ్డు మధ్యలోకి ఫాక్ట్నా నడిచి వచ్చాడు. చేతిలోని గుప్పెడు గడ్డి నేల మీద వేశాడు. దాని వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, ఆ రోజు నిలబడినట్టే.

"తప్పుకో ఫాక్ట్నా! కాలు విరుగుతుంది!"

తప్పుకోలేదు. గుండునూ చూడలేదు, డార్లానే చూస్తున్నాడు. గుండు గడ్డి మీదికి ఎక్కింది, దిగింది. అతని బూట్ల మధ్యకు వచ్చి ఒక పక్కకు ఒరిగి, ఇంకో పక్కకు ఒరిగి, ఆగింది.

కుక్క కూర్చుంది.

నోనీ వచ్చి రోడ్డు మీద బోర్లా పడుకుంది. ఒక గడ్డిపోచ తీసి గుండుకీ బూట్లకీ మధ్య దూర్చి చూసింది. "తగల్లేదు!" అని అరిచింది. "తనంతట తనే ఆగింది! గీతకు బెత్తెడు ఇవతల! ఇంకో విసురు కావాలి!" లేచి మోకాళ్ళు దులుపుకుని, "ఇక నా వంతు. అందరూ జరగండి!" అంది.

సగం జనం వెంట నడవగా, నోనీ తొమ్మిదేళ్ళ కిందట తన ఆట ఆగిపోయిన చోటుకి వెళ్ళి, చెయ్యి గిర్రున తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. గుండు జోరుగా లేచి, వంకర తిరిగి, ఆమె ఇంటి దురదగొండి పొదల్లోనే పడింది. అందరికన్నా ముందు నోనీయే పగలబడి నవ్వింది. "దీనికోసమా నేను తొమ్మిదేళ్ళు జేబులు చింపుకున్నది!" అని కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వచ్చి, డార్లా చెవిలో మెల్లగా అంది. "ఇదిగో పిల్లా. వాడిప్పుడు మాట్లాడొచ్చు, వింటే విను. వినకపోయినా సరే, గుండు తీసి గట్టిగా విసురు. ఈసారి ఇరవై ఏళ్ళు తిరుగుతుంది. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు."

డార్లా వంగి గుండు తీసుకుంది. ఇనుము వెచ్చగా ఉంది. ఎదురుగా ఫాక్ట్నా ఇంకా కాళ్ళు ఎడంగా పెట్టుకునే ఉన్నాడు, కదలడం మరిచిపోయి.

"చెప్పు" అంది డార్లా.

అతను గొంతు సవరించుకున్నాడు. చుట్టూ ఉన్న జనమంతా ఉన్నట్టుండి మబ్బుల్నీ కంచెల్నీ చూడసాగారు. ఫాదర్ అయితే బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు, ఆయన బూట్లకు లేసులు లేకపోయినా.

"నాకు ఒక్కడికే టీ పెట్టడం రావట్లేదు" అన్నాడు ఫాక్ట్నా. "ఆ రోజు నుంచీ. రోజూ రెండు కప్పులు పెడతాను. ఒకటి పారబోస్తాను. నువ్వు వెళ్ళిపోయినా అలాగే పెడతాననుకుంటా." ఆగాడు. "వెళ్ళొద్దు డార్లా. అంతే. ఇంకేం లేదు, అంతే."

"నిన్న గేటు దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"గుండు దొర్లుతోంది కదా" అన్నాడు అతను, ఇదేం ప్రశ్న అన్నట్టు.

డార్లా చేతిలోని గుండు వంక చూసింది. గట్టిగా విసిరితే బోలెడు ఏళ్ళు. జానెల్‌కి చెప్పడానికి ఒక మాట ఉంటుంది, ఎవరికీ కష్టం ఉండదు. జనం ఎందుకైనా మంచిదని దారి ఇచ్చి నిలబడ్డారు. చెయ్యి కూడా వెనక్కి తిప్పింది.

అంతలో చెయ్యి దించేసింది. రోడ్డు మీద గొంతుక్కూర్చుని, గుండుని గీత ఇవతల పెట్టి, వేలితో నెట్టింది. గుండు బుద్ధిగా గీత దాటి, అక్కడే నిలబడిపోయింది.

"రెండు విసుర్లు!" నోనీ గొంతు చించుకుంది. "రెండు విసుర్లలో గెలిచింది మా అమెరికా పిల్ల! ఈ రోడ్డు మీద ఇంతకన్నా తక్కువలో ఎవరైనా గెలిచారా? చెప్పండిరా!" టోపీలు గాల్లోకి లేచాయి. తనను ఓడించినందుకు నోనీ అంత సంతోషపడటం ఊళ్ళో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

ఆ గోలలోనే డార్లా ఫోన్ తీసింది. "ఆగిపోయింది జానెల్."

"టికెట్ కొంటున్నా!"

"కొనకే. నేను రావడం లేదు."

జానెల్ చిన్న గొంతుతో అడిగింది. "ఈసారి ఏం వంక దొరికిందక్కా?"

"వంకేం లేదమ్మా. నాకిక్కడే ఉండాలనుంది."

జానెల్ ఏడ్చింది, డార్లా కూడా ఏడ్చింది. కాసేపయ్యాక జానెల్ ముక్కు చీదుకుని, ఆ టికెట్ తనే వాడుకుంటానంది. రావడమంటూ వస్తే ఆ రోడ్డు సంగతేమిటో తేల్చుకుంటానంది.

"రా. కానీ ఎవరేమన్నా గుండు మాత్రం ముట్టుకోకు" అంది డార్లా.

ఆ సాయంత్రం ఫాక్ట్నా ఎప్పటిలాగే రెండు కప్పుల టీ పెట్టాడు. ఒక్క చుక్క కూడా పారబోయలేదు.