గిన్నె మీద టోపీ

నేను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషిని. వీధిలో అందరూ నన్ను చెకింగాయన అంటారు. నా ముందే అంటారు, నేనేమీ అనుకోను. ఉద్యోగం పోయింది గానీ చూపు పోలేదు. కిటికీలోంచి బయటికి మరీ శ్రద్ధగా చూసేవాడి జేబులో టికెట్ ఉండదు. అడక్కుండానే సంజాయిషీ చెప్పేవాడి దగ్గర అసలే ఉండదు. ఈ రెండు సూత్రాలతోనే ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను.

అందుకే ఆ రోజు పొద్దున్న మా ఆవిడ టీ గ్లాసు చేతికిస్తూ, నేనేమీ అడక్కుండానే, "ఆకుపచ్చవి కుడుతున్నానండీ, చాలా పనుంది, గది తలుపేసుకుంటాను" అంటే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మా ఆవిడ ఇంట్లోనే ఫాదర్లకి బట్టలు కుడుతుంది. చర్చిలో పూజ చేసేటప్పుడు వాళ్ళు పైన వేసుకునే పట్టు వస్త్రాలు, లోపలి తెల్లటి అంగీలు, మెడలో వేసుకునే పొడుగాటి పట్టీలు, అన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళాల్సిందే. వెనక గది ఆమెది. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఉంటుంది. చేతులు కడుక్కోనిదే ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. ఒకసారి నేను పల్లీలు నములుతూ గుమ్మం దాటానని వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. అంత కట్టుదిట్టమైన గదికి కూడా ఇన్నేళ్ళలో తలుపు మూసింది లేదు. నేను వరండాలో పేపరు చదువుకుంటూ తలెత్తితే మిషన్ మీదికి వంగిన ఆమె వీపు కనిపించాలి. ఎందుకని అడిగితే చెప్పలేను గానీ, అది కనిపిస్తే నాకు రోజు సవ్యంగా గడుస్తున్నట్టు.

ఆ సాయంత్రం ఆమె చీర కుచ్చిళ్ళకి ఓ దారప్పోగు అంటుకుని ఉంది. ఆకుపచ్చ కాదు. బీట్‌రూట్ కోసిన చేతికి అంటే రంగు. "ఆకుపచ్చే కదా కుడుతున్నావ్?" అన్నాను. "అవునండీ" అంది, కిటికీలోంచి పక్కింటి గోడని శ్రద్ధగా చూస్తూ.

ఇక ఆ మర్నాటి నుంచి నా మోకాళ్ళ మీద ఆమెకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "కాస్త నడిచి రండి, మోకాళ్ళు పట్టేస్తాయి" అని చెప్పులు తెచ్చి మరీ కాళ్ళ ముందు పెట్టింది. వీధిలోకి వెళ్తే ఎప్పుడొస్తారని సతాయించే మనిషి! సరేనని బయల్దేరాను. సందు చివరిదాకా వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి, ఇస్త్రీ బండి చాటున నిలబడ్డాను.

ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేకపోయింది. గళ్ళ చొక్కా, కళ్ళజోడు, నెరిసిన జుట్టు ఉన్న మనిషొకడు మా ఇంటి పక్కవైపు గేటు దగ్గరికి వచ్చాడు. తలుపు కొట్టలేదు. కొట్టక్కర్లేకుండానే తలుపు తెరుచుకుంది. కాసేపటికి బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, గబగబా వెళ్ళిపోయాడు.

ఈ వయసులో ఇదేం ఆలోచన అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆ ఆలోచనని కొసదాకా ఆలోచించాను. నాకున్నదల్లా ఆ ఇల్లూ, ఆ మిషన్ చప్పుడూ, ఆ మనిషీ. అవి పోతే నా దగ్గర ఇంకేం మిగలదు.

అన్నం తినేటప్పుడు, "ఎవరైనా వచ్చారా?" అన్నాను మామూలుగా.

"ఎవరూ రాలేదే. ఏం?" అంది.

సగం అన్నం కంచంలోనే వదిలేసి లేచాను.

రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు ఆమె దారాల కొట్టుకి వెళ్ళగానే లేచాను. వెనక గదికి తాళం! ఇంట్లోని గదికి, ఇంట్లో ఉన్న మొగుడికి తెలియకుండా, తాళం. తాళంచెవి ఎక్కడ దాచి ఉంటుందో కూపీ లాగుదామని వంటింట్లోకి దూరాను. అక్కడ కిటికీ దగ్గర ఎండలో బోర్లించిన గిన్నె ఉంది. గిన్నె మీద ఓ టోపీ ఆరుతోంది.

చిన్న టోపీ. కోసిన కమలాపండు తొనల్లాంటి ముక్కలన్నీ పైన ఒకచోట కలిసేలా కుట్టి ఉంది. వంపు తిరగడానికి తడిపి గిన్నెకి తొడిగినట్టుంది. అదే బీట్‌రూట్ రంగు. ముందు ఎవరో పసిబిడ్డదనుకున్నాను. ఆ తరవాత గుర్తొచ్చింది. పాత బిషప్ గారు మా చర్చికి వచ్చి మోకరించినప్పుడు, ఆయన నడినెత్తిన సరిగ్గా ఇలాంటిదే ఉండేది. ఆ రంగు టోపీ మామూలు ఫాదర్లెవరూ పెట్టుకోరు. మా ప్రాంతం మొత్తానికీ అది పెట్టుకోవాల్సిన తల ఒక్కటే. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తాయన ఎవరా అని చర్చి మెట్ల మీద రోజూ చర్చలే.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. బిషప్‌గా ఎంపికైన మనిషి ఆ సంగతి ప్రకటించేదాకా ఎవరికీ చెప్పకూడదు, కన్నతల్లికి కూడా. బట్టలు మాత్రం ముందే సిద్ధం కావాలి. దుకాణంలో కొలతలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అందుకే గళ్ళ చొక్కా వేసుకుని, ఎవరికీ తెలియని ఓ ఇంటి పక్క గేటులోంచి వస్తున్నాడు. మా ఆవిడ చేత బైబిలు మీద ప్రమాణం కూడా చేయించి ఉంటారు.

పీట మీద కూలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అంత తేలికైపోయింది ప్రాణం. ఆ వెంటనే కొత్త చిక్కు తట్టింది. నాకు తెలిసిందని చెబితే, తనే ఎక్కడో నోరు జారానని ఆమె కుమిలిపోతుంది. మాట ఇస్తే ప్రాణం పెట్టే మనిషి. కాబట్టి నాకేమీ తెలియదు. టోపీని ముట్టుకోకుండా వచ్చి వరండాలో పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఆమె వస్తూనే గుర్తొచ్చినట్టుంది, వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"వంటింట్లోకి వెళ్ళారా?"

"నీళ్ళు తాగుదామనుకున్నాను. బద్ధకమేసింది."

ఆ రోజు నుంచి అనుమానం ఆమె వంతైంది. "ఒంట్లో బాగుందా?" అని నుదురు పట్టుకు చూసేది. "ఏం, బాగానే ఉందే" అంటే, "మరి ఏమీ అడగట్లేదేంటి మీరు?" అనేది. చెప్పులు తేకముందే నడకకి వెళ్ళిపోతుంటే గుమ్మంలో నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూసేది. నాకు నవ్వాగేది కాదు. పేరు బయటికొచ్చే రోజు వస్తుంది, అప్పుడు ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చులే అనుకున్నాను.

ఈలోపు మా అక్క వచ్చింది. అక్క పక్క వీధిలోనే ఉంటుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"ఒరేయ్, నీకు కళ్ళున్నాయా లేవా? నువ్వటు వెళ్ళగానే ఇటు ఎవడో కళ్ళజోడువాడు మీ ఇంట్లో దూరుతున్నాడట. వీధంతా చెవులు కొరుక్కుంటోంది."

తల కొట్టేసినట్టయింది. అయినా పేపరు దించకుండా అన్నాను. "నాకు తెలుసక్కా. నేనే రమ్మన్నాను."

"నువ్వా? ఎందుకు?"

"మిషన్ బాగుచేసే మనిషి."

"ఇన్నిసార్లా?"

"పాత మిషన్ కదా."

"అయితే నా మిషన్ కూడా చూడమను. దారం ఊరికే తెంపేస్తోంది."

పప్పులో కాలేశానని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఆ మనిషి వచ్చిన రోజు అక్క మా పక్క గేటు దగ్గరే కాపు కాసింది. ఆయన బయటికి రాగానే, "నువ్వేనటగా మిషన్లు బాగుచేసేది, మా తమ్ముడు చెప్పాడు" అని దారికడ్డంగా నిలబడింది. ఆయన, నడక ముగించుకుని ఇస్త్రీ బండి పక్కన నిలబడ్డ నా వంక చూశాడు. నేను దొంగచాటుగా చేతులు జోడించాను. ఆయనకి అర్థమైంది.

"నాకు పెద్దగా రాదమ్మా" అన్నాడు. "చూడమంటే చూస్తాను."

నేనూ వెనకాలే వెళ్ళాను. కాబోయే బిషప్ గారు మా అక్క ఇంట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని, సూది కింది పళ్ళెం విప్పి, అందులో పేరుకున్న దూదినంతా పుల్లతో తీశారు. నూనె చుక్కలేశారు. అక్క ఆయన నెత్తిన నిలబడి తన కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"చూడు బాబూ, మా మరదలు ఒక్కతే ఉన్నప్పుడు నువ్వు రావద్దు. మా తమ్ముడు పైకి చెకింగాయనే గానీ వట్టి అమాయకుడు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. దాని పరువేం కాను?"

ఆయన చెయ్యి ఆగింది. "నా వల్ల ఆమెకి మాట వస్తోందా అమ్మా?"

"రాదా మరి!"

ఆయన పళ్ళెం మళ్ళీ బిగించి లేచారు. మిషన్ మాత్రం బాగైంది.

వారం తరవాత ఆయన ముందు గేటులోంచే వచ్చాడు, నేను ఇంట్లో ఉండగా, పట్టపగలు. వెనక గది తలుపు తెరిచే ఉంచారు. నాలుగు మాటలేవో నెమ్మదిగా మాట్లాడుకున్నారు. ఆయన ఉత్త చేతులతోనే బయటికొచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ అక్కగారి మిషన్ ఇంకా దారం తెంపుతోందా?" అని అడిగాడు. "లేదండీ, చక్కగా నడుస్తోంది" అన్నాను. "సంతోషం" అని వెళ్ళిపోయాడు. మా ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలంది. ఆ రోజు మేం ఉల్లిపాయలు కొయ్యలేదు.

కొన్ని వారాలకి ఓ ఆదివారం పూజ అయ్యాక కొత్త బిషప్ పేరు చదివారు. ఎక్కడో దూరాన ఉండే మరొకాయన. ఫొటో కూడా చూపించారు. కళ్ళజోడు లేదు, గుండ్రటి మొహం. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ తల దించుకుని కూర్చుంది. నేను చప్పట్లు కొట్టడం మర్చిపోయాను. మా మనిషి వద్దన్నాడన్నమాట. ఎందుకన్నాడో నాకు తెలియదు. ఒంట్లో బాగాలేదో, భయమేసిందో. మా అక్క మాటలే తగిలాయేమో, నేనాడిన అబద్ధం వల్లే ఆయన ఆ నేల మీద కూర్చుని అవి వినాల్సొచ్చిందేమో. ఈ అనుమానాన్ని మాత్రం ఎవరినీ ఆపి తనిఖీ చేసుకోలేను.

ఇంకోటి కూడా అర్థమైంది. ఆయన పేరే వచ్చి ఉంటే వీధి వీధంతా నాలిక్కరుచుకునేది. మా ఆవిడ మీద పడ్డ మాట ఆ రోజుతో కొట్టుకుపోయేది. ఇప్పుడు ఆ రోజు ఎప్పటికీ రాదు. వద్దన్న మనిషిని అసలు అడిగారన్న సంగతే బయటికి రాకూడదు.

మర్నాడు ఆమె వెనక గదిలో, తలుపు తెరుచుకునే, ఓ పొడుగాటి నల్ల అంగీ ఒళ్ళో వేసుకుని బ్లేడుతో కుట్లు విప్పుతోంది. అంచులకి, బొత్తాలకి ఆ బీట్‌రూట్ రంగు. "ఎవరో వద్దన్నారండీ" అంది. నేను చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుని ఆ అంగీ చేతి కొస ఒకటి అందుకున్నాను. ఆమె చూసింది గానీ వద్దనలేదు.

అక్క వచ్చింది అప్పుడే. గుమ్మంలోనే నిలబడింది. "మెకానిక్ రావట్లేదేం?"

"మిషన్ బాగైపోయింది" అన్నాను.

"నేను మతిలేనిదాన్ననుకున్నావా? వాడి చేతులు చూశాను. అవి మెకానిక్ చేతులు కావు. ఎంత మెత్తగా ఉన్నాయో!" మా ఆవిడ వైపు చూడకుండానే అంది. "నా తమ్ముడివి కాబట్టి చెప్తున్నాను, నీ మంచితనం చూసి నలుగురూ నవ్వుతున్నారు."

మా ఆవిడ బ్లేడు కింద పెట్టి లేచింది. "వదినా, మీ తమ్ముడి మీద మాట పడితే నేను ఊరుకోను. ఆ వచ్చినాయన ఎవరో..."

"మెకానిక్" అన్నాను, గట్టిగా. "మెకానిక్కే అక్కా. ఇంకేం లేదు. నవ్వేవాళ్ళని నవ్వుకోమను."

అక్క కళ్ళల్లో నా మీద జాలి కనిపించింది. ఎంత జాలంటే, దాన్ని భరించడం కంటే తిట్లు తినడం మేలనిపించింది. కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి అది ఎక్కడెక్కడికి వెళ్తుందో నాకు తెలుసు.

మా ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, అక్క మలుపు తిరిగిందని చూసి వచ్చింది. "మీకు తెలుసు" అంది.

"తెలుసు."

"నేను చెప్పానా? నిద్రలోగానీ, ఎప్పుడైనాగానీ?"

"ఒక్క ముక్క చెప్పలేదు. వంటింట్లో గిన్నె మీద టోపీ చూశాను."

ఆమె ఊపిరి వదిలి కూర్చుంది. మాట తప్పలేదన్న నిశ్చింత మొహమంతా పరుచుకుంది. నా చెయ్యి మీద చెయ్యేసింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను అంత గర్వపడిన క్షణం లేదు. అక్క ముందు, వీధి ముందు, ఆమెకి అడ్డంగా నిలబడ్డాను కదా.

బ్లేడు మళ్ళీ అందుకుంది. రెండు కుట్లు విప్పింది. ఆ తరవాత తలెత్తకుండానే అడిగింది.

"మరి టోపీ చూడకముందు, ఆ రెండు రోజులూ అన్నం సరిగ్గా తినకుండా, నాతో మాట్లాడకుండా, నా గురించి ఏమనుకున్నారు?"

నేను కిటికీలోంచి పక్కింటి గోడని చూస్తూ ఉండిపోయాను.