అత్త మెచ్చుకోని కిడ్నీ

విమానాశ్రయంలో పెట్టెలు ఎక్కించే డ్యూటీ దిగగానే సెమీసీ నేరుగా మాంగెరే పేటలోని మేనత్త ఇంటికి వెళ్లి, ఆమెను కారెక్కించుకుని డయాలసిస్‌కు తీసుకెళ్లేవాడు. రోజు విడిచి రోజు ఇదే పని. కలొలైనే అత్త వెనక సీట్లో మహారాణిలా కూర్చుని, దారి పొడుగునా రోడ్డును తిడుతూ, మిగతా డ్రైవర్లను తిడుతూ, టారో దుంపలూ కొబ్బరిపాలూ మాన్పించినందుకు డాక్టర్లను తిడుతూ వచ్చేది. ఏ ఒక్కదాన్నీ మెచ్చుకునేది కాదు. మెచ్చుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, టోంగా దీవుల వాళ్ల ఇళ్లలో మేనత్తకు ఆ సామెత వర్తించదు. తమ్ముడి పిల్లల ఇంట్లో ఏది కావాలన్నా ఆమె అడగనక్కర్లేదు, తీసుకోవడమే. ఆ హక్కు పేరు ఫహు. కలొలైనేకు తీసుకునే శ్రమ కూడా లేదు. ఏదైనా చూసి “బాగుందే” అందంటే చాలు, అది లేచి ఆమె ఇంటికి నడిచి వెళ్లిపోయేది. సెమీసీ పెళ్లికి కొన్న సోఫా అలాగే వెళ్లింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే బుద్ధిగా ఆగిందని బస్సు డ్రైవరు చెప్పాడు. ఆ తర్వాత ఫ్రీజరు వెళ్లింది, లోపలున్న గొర్రె మాంసంతో సహా. కుట్టుమిషను బయల్దేరిన రోజు సెమీసీ భార్య వీకా గుమ్మంలో నిలబడి, “పో, నువ్వూ పో! ఇక మొగుడొక్కడే మిగిలాడు, ఆయన్నీ మెచ్చుకోమను” అని అరిచింది.

అందుకే కిడ్నీ మాట వచ్చినప్పటి నుంచి అత్త నోరు కట్టేసుకుంది. ఆమె తమ్ముడు, సెమీసీ తండ్రి మాకాకు షుగరు, ఆయనది పనికిరాదు. సెమీసీది సరిపోయింది. పరీక్షలు చూసిన నర్సు “ఎంత చక్కని కిడ్నీలో!” అని సంబరపడితే, పక్కనే ఉన్న అత్త అరచేత్తో నోరు మూసుకుని గోడవైపు తిరిగింది. ఆమె నోరు జారితే అది డాక్టర్ల కోసం ఆగదు కదా, మేనల్లుడి కడుపు చీల్చుకుని బయల్దేరుతుంది. ఆ భయంతో అతని చొక్కా బాగుందనడం కూడా మానేసింది.

కానీ ఆమెకు ఎక్కువ కాలం లేదు. చేతి రక్తనాళాలు మూసుకుపోతున్నాయి, సూది పెట్టే చోటు దొరకడం లేదు. మిషను మీద ఇలా ఎంతోకాలం నడపలేమని డాక్టర్లు చెప్పేశారు.

ఆపరేషన్‌కు ముందు, దాతల మంచిచెడ్డలు చూసే బ్రిజిట్ అనే ఆవిడ సెమీసీని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడింది.

“మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా?”

“లేదండి.”

“మీరు ఇవ్వనంటే ఏమవుతుంది?”

సెమీసీకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “ఇవ్వననడమేంటండి? అది మా అత్తది. నా దగ్గరుంది, అంతే.”

“మీ ఒంట్లో ఉన్నది మీదే కదా?”

“ఎలా అవుతుందండి? మా నాన్న వైపు నుంచి వచ్చినవన్నీ ఆమెవే. ఆమెకు కావాల్సి వస్తే వద్దనడానికి నేనెవర్ని?” మర్యాదగా, కాస్త గర్వంగా కూడా చెప్పాడు.

తర్వాత హాస్పిటల్ వాళ్లు ఫోన్ చేశారు. అతను ఇష్టపడి ఇస్తున్నాడని నమ్మకం కుదరలేదు కాబట్టి ఆ కిడ్నీ తీసుకోలేమన్నారు.

“ఏమన్నావురా వాళ్లతో?” అని కారులో అత్త నిలదీసింది.

“ఉన్నమాటే అన్నాను. అది నీదే అన్నాను.”

“ఓరి మొద్దు వెధవా! తెల్లవాళ్ల దగ్గర ఆ మాట అంటారట్రా? ‘నాది, నేనిస్తున్నాను’ అనాలి.”

“అబద్ధం ఎలా చెప్పనత్తా? అది నీదే కదా.”

అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. హాస్పిటల్ వచ్చేదాకా ఎవర్నీ తిట్టలేదు.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ మాకా ఇంట్లో చాపల మీద భోజనాలకు కూర్చున్నప్పుడు ఆమె లేచి నిలబడింది.

“మాకా, విను. నీ కొడుకు మీద నా ఫహు ఈ పూటతో వదిలేస్తున్నాను.”

అక్క ఎదుట తలెత్తి మాట్లాడిన మనిషి కాదు మాకా. “నేనేం తప్పు చేశానక్కా?” అన్నాడు. అక్క హక్కు వదులుకోవడమంటే తమ్ముణ్ణి పరాయివాణ్ణి చేసినట్టే.

“నువ్వేం చెయ్యలేదురా. నాకు బతకాలనుంది,” అంది కలొలైనే.

సాయంత్రానికి సోఫా వచ్చేసింది, మధ్యలో అత్త కూర్చున్నంత మేర గుంటతో. దాని వెనకాలే ఫ్రీజరు, ఖాళీగా. కుట్టుమిషను గుమ్మం ఎక్కగానే వీకా దాన్ని పట్టుకుని, ఎందుకో తనకే తెలియకుండా ఏడ్చింది.

సెమీసీకి మర్నాడు డ్యూటీలో పెట్టె ఎత్తుతుంటే తెలిసింది. నడుముకు ఎడమపక్క ఏదో బరువుగా కుదురుకుంది. ఇన్నేళ్లూ ఎవరి సామానో మోసినట్టు మోశాడు, ఇప్పుడది తనది. తనది అనేసరికి భయం పుట్టుకొచ్చింది. కత్తి, కుట్లు, బరువులెత్తలేని రోజులు. మిగిలిన ఒక్కటీ రేపు చెడిపోతే? అత్తదిగా ఉన్నప్పుడు ఈ ఆలోచనలేవీ అతని దగ్గరికి రాలేదు.

హాస్పిటల్‌కు ఫోన్ చెయ్యడం ఇవాళ, రేపు అంటూ వాయిదా వేశాడు. అత్త ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. కారులో ఆమె ముఖం వాచి, రంగు మారి, రోజురోజుకీ అధ్వాన్నంగా కనిపిస్తోంది. అతను అద్దంలో చూసి సిగ్గుతో చూపు తిప్పుకునేవాడు.

“ఇవ్వనంటే ఇప్పుడు నిన్నెవరూ ఏమీ అనలేరు,” అంది వీకా.

“అదేనే నా బాధ. ఇంతకుముందు ఆలోచించే పనే ఉండేది కాదు.”

“భయమేస్తే మానెయ్. ఇవ్వాలనుంటే ఇవ్వు. నా మిషను పోయిందని ఆవిణ్ణి తిట్టుకున్నాను గానీ, చచ్చిపోవాలని ఏనాడూ కోరుకోలేదు.”

అతను హాస్పిటల్‌కు ఫోన్ చేసి, మళ్లీ బ్రిజిట్ ముందు కూర్చున్నాడు. ఆమె మళ్లీ అదే అడిగింది, ఇవ్వనంటే ఏమవుతుందని.

“నాకేమీ కాదండి. ఎవరూ ఏమీ అనరు. అత్త చచ్చిపోతుంది, నేను డ్యూటీకి వెళ్తుంటాను.”

“మరి?”

“భయంగానే ఉంది. అయినా ఇస్తాను. నాది కాబట్టి ఇస్తాను.”

ఆపరేషన్ సంగతి ముందే చెప్పేసుకుందాం. కిడ్నీ అత్త ఒంట్లో పెట్టి రక్తం వదలగానే, ఆపరేషన్ బల్ల మీదే మూత్రం వచ్చింది. సర్జన్లకు అంతకంటే శుభవార్త ఉండదు. సెమీసీ కడుపుకు దిండు అదుముకుని నాలుగడుగులు నడిచాడు, తుమ్మొస్తే దేవుణ్ణి తలుచుకున్నాడు, కొన్నాళ్లకు పనిలో చేరాడు. చెప్పుకోవాల్సింది దానికి ముందు, ఆ పొద్దున జరిగినది.

ఆపరేషన్ గదుల బయట ఇద్దరి మంచాలూ పక్కపక్కన ఆపారు. అత్త తల మీద కాగితపు టోపీ పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడింట్లో ఏదీ అడిగి తీసుకున్న మనిషి కాదు, ఎలా అడగాలో ఆమెకు తెలియదు. రెండుసార్లు గొంతు సవరించుకుంది.

“సెమీసీ.”

“ఏంటత్తా?”

“నీ కిడ్నీ ఒకటి నాకిస్తావా నాయనా?”

అడిగేసి అతని వంక చూసింది. కాదంటాడేమోనన్న భయం ఆ ముఖంలో సెమీసీ అంతకుముందెప్పుడూ చూడలేదు. అతనికి ఏడుపాగలేదు.

“ఇస్తానత్తా.”

“ఆలోచించుకునే చెప్తున్నావా?”

“ఆలోచించుకునే చెప్తున్నాను,” అన్నాడు సెమీసీ.