మూత కింద ఎరుపు

నేను ఒక ఎలక్ట్రిక్ సైకిల్ వెనక చక్రం నడుమ కూర్చున్న మోటారుని. పైకి గుండ్రటి అల్యూమినియం డబ్బాని. లోపల రాగి తీగ చుట్టలు, అయస్కాంతాలు, మూడు నైలాన్ పళ్లచక్రాలు, ఇరుసుని పట్టుకున్న బేరింగులు. ఫ్యాక్టరీలో నా మూతకి తొమ్మిది స్క్రూలు బిగించి, ఒక్కో స్క్రూ నెత్తిన ఆకుపచ్చ రంగు చుక్క పెట్టారు. ఎవరైనా విప్పితే చుక్క పగిలి దొంగ దొరుకుతాడట. లోకం చూడకముందే లోకాన్ని అనుమానించడం నేర్పి పంపారన్నమాట.

కాకినాడలో నన్ను మొదట కొన్నాయన రిటైరైన తాసీల్దారు. పొట్ట తగ్గించుకోవాలని కొని పదకొండు రోజులు తొక్కాడు. తర్వాత రెండేళ్లు నా సైకిల్ మీద ఆయన తువ్వాళ్లు ఆరాయి. అక్కణ్ణుంచి వరహాలమ్మ చేతికి వచ్చాను.

ఆమె పని ఇళ్లకి వెళ్లి రక్తం నమూనాలు తీసుకుని ల్యాబుకి చేర్చడం. తెల్లారి ఆరింటికి బయలుదేరితే తొమ్మిదిలోపు ఇరవై ఇళ్లు. సూది నొప్పి తెలియకుండా కబుర్లు చెబుతుంది. ఆ కబురు పది నిమిషాల్లో పక్కింటికి, గంటలో పక్క వీధికి పోతుంది. ఆమె మంచన్నది మంచి, చెడన్నది చెడు.

రెండు నెలల కిందట వెనక టైరు పంక్చరైంది. జగన్నాథపురం వంతెన దిగువన సైకిల్ షాపు పేర్రాజుది. అరవై దాటిన మనిషి, ఒంటిచేత్తో కొట్టు నడుపుతున్నాడు. ఎండగా ఉందని చక్రం ఊడదీసి లోపలికి పట్టుకెళ్లాడు. వరహాలమ్మ ఈలోగా ఒక ఇంటికి వెళ్లొచ్చింది. నేను ఆమె కళ్లకి కనబడనిది ఆ అరగంట ఒక్కటే.

తర్వాత మూడు వారాలకి నాలో గరగర మొదలైంది. నెల తిరిగేసరికి నేను వీధి మొదట్లో ఉండగానే చివరింట్లో తలుపు తెరిచేవారు.

నేను అందరినీ అనుమానించాను. ముందు నా నైలాన్ పళ్లచక్రాలని. తర్వాత గొలుసుని, దానికి నేనంటే మొదట్నించీ పడదు. పేర్రాజు నట్లు మరీ బిగించాడేమోనని కూడా అనుకున్నాను. అనుమానించనిది వరహాలమ్మ ఒక్కర్తినే. పంక్చరు దిష్టి వల్లేనని ఎవరో చెబితే, అప్పట్నించి ప్రతి శుక్రవారం నాకు చెంబుడు నీళ్లతో స్నానం చేయించి, నడిమధ్యన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. వారంలో నేను ఎదురుచూసే రోజు అదే.

ఆమె మాత్రం అనుమానానికి ఎక్కువ దూరం పోలేదు. "ఆ అరగంటలో లోపలి సామాను మార్చేశాడు. నాది తీసి పాతది పెట్టాడు," అని ఇరవై ఇళ్లలో చెప్పింది. వారం తిరక్కుండా పేర్రాజు కొట్టు ముందు సైకిళ్లు పలచబడ్డాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవాల్సిందే.

అతను నా మూత ముట్టుకోలేదని నాకు తెలుసు. కానీ ఈ సాక్షికి వచ్చిన భాష గరగర ఒక్కటే.

ఒకనాడు పేర్రాజే ఆమెని తన కొట్టు ముందు ఆపాడు.

"అమ్మాయ్, ఓసారి సైకిలు దిగు. నీ ముందే విప్పుతాను. నాది తప్పయితే నువ్వు చెప్పక్కర్లేదు, కొట్టు నేనే ఎత్తేస్తాను."

"విప్పు బాబాయ్. నేను మాత్రం ఇక్కణ్ణించి కదల్ను. కిందటిసారి కదిలే కదా ఇంత తెచ్చుకున్నాను."

"కదలొద్దనే చెప్తున్నానమ్మా. రెప్ప కూడా వెయ్యకు."

ఆమె స్టూలు నా ఎదురుగా లాక్కుని కూర్చుంది. అతను బ్యాటరీ తీసేసి చక్రం చేత్తో తిప్పాడు. గరగర. "కరెంటు లేకపోయినా అరుస్తోంది. పళ్లచక్రాలు కరెంటుంటేనే తిరుగుతాయి, వాటిది కాదు." గొలుసు తప్పించాడు, బ్రేకు వదులు చేశాడు. గరగర. స్క్రూడ్రైవరు మొన నా ఇరుసుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. గొలుసు వైపు నిశ్శబ్దం. మూత వైపు ఆనించగానే మొహం చిట్లించాడు.

"ఇదిగో, మూత బేరింగు. ముందు ఈ చుక్కలు చూడు. తొమ్మిదీ ఉన్నాయా?"

"రంగుదేముంది బాబాయ్, డబ్బా కొంటే ఎవరైనా చుక్క పెట్టొచ్చు."

పేర్రాజు స్క్రూలు విప్పసాగాడు. తొమ్మిది చుక్కలూ టిక్కుటిక్కుమని పగిలాయి. మూత లేచింది. బేరింగు బయటికొచ్చింది. దాని రబ్బరు మూతని గుండుసూదితో లేపాడు. లోపలంతా ఎర్రటి ముద్ద.

"తుప్పు," అంది వరహాలమ్మ. "పాతదని చెప్పానా?"

అతను తెల్లగుడ్డ తీసి ఆ ముద్దని అద్ది, ఆమె ఒళ్లో పరిచాడు. ఎరుపు అంచులు దాటి నెమ్మదిగా పసుపుపచ్చ పాకింది.

"తుప్పు ఉంది, లేదన్ను. కానీ తుప్పుకి పసుపెక్కడిదమ్మా?"

ఆమె గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ రోజు శుక్రవారం. ఆమె నుదుటి మీద బొట్టు ఇంకా తడిగానే ఉంది, నా మీద బొట్టు కూడా.

గుడ్డ మడుస్తూ అంది, "నీళ్లు కూడా పోశాను బాబాయ్. వారం వారం."

"పోసే ఉంటావు. లేకపోతే అంత లోపలికి పోదు."

నా సంగతి చెప్పాలా? అందరినీ అనుమానించి, నన్ను చంపుతున్న చేతి కోసం వారమంతా ఎదురుచూశాను. మనుషుల తెలివిని వెక్కిరించే అర్హత నాకు ఆ రోజుతో పోయింది.

పేర్రాజు కొత్త బేరింగు దిగగొట్టి, గ్రీజు రాసి, మూత బిగించాడు. చక్రం తిప్పితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పాత బేరింగుని చెత్తడబ్బాలో వేయబోతే వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"అది నాకివ్వు."

సంచిలోంచి రక్తం సీసాలు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీసి అందులో వేసింది. పైన చీటీ అంటించి, రోజూ రాసినట్టే రాసింది. పేరు: వరహాలమ్మ. వయసు: నలభై ఆరు.

మర్నాడు మొదటి ఇంట్లో ముసలాయన చొక్కా చెయ్యి మడుస్తూ, "ఏమ్మా, ఇవాళ చప్పుడు రాలేదు. ఆ దొంగ ఒప్పుకున్నాడా?" అన్నాడు.

ఆమె సూది పక్కన పెట్టి, కవరు ఆయన చేతిలో పెట్టింది. "ఒప్పుకుంది. పేరు చదవండి."

ఆయన కళ్లజోడు వెతుక్కున్నాడు. నేను గోడవారన చప్పుడు లేకుండా నిలబడ్డాను. ఇంకా పందొమ్మిది ఇళ్లున్నాయి.