వెంటనే పోయాడని చెప్పాను

అమెరికాలో, నెబ్రాస్కాలోని మా కౌంటీలో ఇరవై ఆరేళ్లు డిప్యూటీ షెరిఫ్‌గా పోలీసు పని చేశాను. రిటైరైన రెండో ఏడు నోలన్ ఫర్స్ట్ అనే నవలా రచయిత ఫోన్ చేశాడు. అతని నవలల నిండా చావులే. మా ఆవిడ ఇర్మా ఒకటి మొదలుపెట్టి నాలుగో శవం దగ్గర మూసేసింది.

"మనుషులు నిజంగా ఎలా చనిపోతారో మీ నోట వినాలండీ. సినిమాల్లో చూసేది కాదు" అన్నాడు నోలన్.

"ఇన్నేళ్లు శవాల చుట్టూ తిరిగింది చాల్లేదా? వెళ్లకు" అంది ఇర్మా.

వెళ్లాను. మూడు మధ్యాహ్నాలు కాఫీ హోటల్లో కూర్చున్నాం. అతను మధ్యలో అడ్డు రాకుండా వినేవాడు. అదే కొంప ముంచింది. మూడో రోజు, ఇర్మాకు కూడా చెప్పని డేల్ కీస్టర్ సంగతి అతనికి చెప్పేశాను.

డేల్‌కు పంతొమ్మిదేళ్లు. ఊరి చివర పెట్రోల్ బంకులో పనిచేసేవాడు. పదిహేడేళ్ల కిందట, ఫిబ్రవరిలో, మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ఎవడో వచ్చి వాడి పొట్టలో కాల్చి, గల్లాపెట్టె దోచుకుని పోయాడు. తర్వాత దొరికాడు, ఇప్పటికీ జైల్లోనే ఉన్నాడు. మొదట అక్కడికి చేరింది నేనే. అంబులెన్స్ మంచులో ఇరుక్కుపోయింది. కుర్రాడి తల ఒళ్లో పెట్టుకుని, గాయం మీద తువ్వాలు అదిమిపట్టి కూర్చున్నాను. నలభై నిమిషాలకు పోయాడు.

ఆ సాయంత్రం వాళ్లమ్మ లవాన్ ఇంటి గుమ్మంలో నిలబడి, "వెంటనే పోయాడమ్మా. వాడికేమీ తెలీలేదు" అని చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పట్నుంచి నేనెక్కడ కనిపించినా ఆగి పలకరించేది.

నవల వచ్చింది. నోలన్ పేర్లు మార్చాడు, ఊరు మార్చాడు. ఆ నలభై నిమిషాలు మాత్రం మార్చలేదు.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే లవాన్ మా ఇంటికొచ్చింది. చేతిలో లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెట్రోల్ బంకు, మంచు, ఎడమ చెవికి పోగు. ఈ కుర్రాడు మావాడేనా ఆర్విల్?"

అంతా కల్పన అని చెప్పడానికే నోరు తెరిచాను. వంటగది గుమ్మంలోంచి ఇర్మా నన్నే చూస్తోంది.

"మీవాడే" అన్నాను.

"ఇందులో వాడు ఆకాశం గురించీ మైదానం గురించీ పేజీన్నర మాట్లాడాడు. మా డేల్ అలా మాట్లాడే పిల్లాడు కాదు. అసలేమన్నాడు?"

"అవి రచయిత రాసుకున్న మాటలు. మీవాడు కాళ్లు చల్లబడుతున్నాయన్నాడు. బూట్లు విప్పమన్నాడు, మళ్లీ తొడగమన్నాడు. ప్యాంటు తడిసిందని సిగ్గుపడి, అమ్మకు చెప్పొద్దన్నాడు. తర్వాత భయం పట్టుకుంది. అమ్మని పిలవమన్నాడు."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"మా ఇల్లు అక్కడికి నాలుగు మైళ్లు."

"తెలుసు."

"నాకు ట్రక్కుంది. మంచులో నడపడం నాకేం కొత్త కాదు."

"తెలుసు, లవాన్."

"నీ చేతిలో వైర్‌లెస్ రేడియో ఉంది కదా! ఒక్క కబురు చెయ్యలేకపోయావా?"

అంబులెన్స్ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని చూశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆమె ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"నువ్వొచ్చి ఏడుస్తావని భయపడ్డాను. ఆ ఏడుపు వినడం నావల్ల కాదనుకున్నాను."

"ఇది ఆ రచయితకి చెప్పావా?"

"లేదు."

"ఓహో. నీ పిరికితనం దాచుకుని, మావాడి ఏడుపు ఇచ్చేశావన్నమాట." ఆమె కంట్లో తడి లేదు. "పద, చోటు చూపించు."

బంకు ఎప్పుడో మూతపడింది. అక్కడిప్పుడు టైర్ల దుకాణం. సంగతి చెబితే దుకాణం మనిషి మూల ఉన్న టైర్లు పక్కకు దొర్లించాడు. నేను వేలు పెట్టి చూపించాను. ఆ సిమెంటు నేల మీద లవాన్ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"నువ్వు బయటికి పో" అంది.

కిటికీ అద్దంలోంచి ఆమె పెదవులు కదలడం కనిపించింది. దుకాణం మనిషి వచ్చిన బేరాన్ని కూడా తర్వాత రమ్మని పంపేశాడు. ఎంతసేపు కూర్చుందో తెలీదు. బయటికొచ్చాక ట్రక్కు తలుపు తీసి, అప్పుడు అడిగింది.

"ఈ మాట ఇంకెంతమందికి చెప్పావు ఆర్విల్? వెంటనే పోయారని?"

ఆమె వెళ్లిపోయింది. అప్పట్నుంచి నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ ఆశించలేదు.

పదకొండు గుమ్మాల్లో చెప్పాను ఆ మాట. కొన్నిచోట్ల నిజమే, కొన్నిచోట్ల కాదు. ఆ ఇళ్లలో కొన్ని ఖాళీ అయ్యాయి. మిగతావాళ్లు ఊళ్లోనే ఉన్నారు. రోడ్డు మీద ఎదురైతే కారు నెమ్మది చేసి చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను.