అయిపోయిందనుకో

మా వదిన జరగబోయేదాన్ని కూడా జరిగిపోయినట్టే మాట్లాడుతుంది. "పదింటికి ఆస్పత్రి లిఫ్టు అయిపోయిందనుకో, అక్కణ్నుంచి బ్యాంకుకి వెళ్లిపోయావనుకో, సాయంత్రానికి ఇంటికొచ్చేశావనుకో" అని పొద్దున్నే అన్నయ్యకి టీ కప్పు అందిస్తూ చెబుతుంది. అప్పటికి ఆయన బూట్లు కూడా తొడుక్కుని ఉండడు. ఆ టీ చల్లారేలోపు రోజంతా గడిచిపోయినట్టు నాకు అలసటొచ్చేది.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. కంపెనీ అంటే ముగ్గురమే. అన్నయ్య, నేను మెకానిక్కులం. మా ఇద్దరినీ నడిపించేది వదిన. ఇంటి ముందుగదే ఆఫీసు. గోడనిండా తెల్లబోర్డు, దాని మీద రంగురంగుల అయస్కాంతం బిళ్లలు. ఎర్రబిళ్ల అన్నయ్య, పచ్చబిళ్ల నేను. ఏ వేళకి ఏ బిల్డింగులో ఉండాలో ఆ గడిలోకి మా బిళ్ల జరుగుతుంది. ఒక్కోసారి మాకంటే ముందే జరుగుతుంది.

ఆవిడ కాపురానికి రాకముందు మా పని అడుసు తొక్కినట్టుండేది. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల లిఫ్టు ముందు. పనిముట్లు ఒకచోట, మనుషులు ఒకచోట. ఆవిడొచ్చాక గాడిన పడింది. అన్నయ్య వేళకింత తినడం మొదలెట్టింది కూడా ఆవిడొచ్చాకే. ఉన్నమాట చెప్పుకోవాలి, వదినంటే నాకు గౌరవమే.

కానీ బోర్డు మీద లేనిది ఏదైనా జరిగితే ఆవిడ లెక్కలో అది జరిగినట్టే కాదు. ఓసారి నాకు జ్వరమొస్తే "ఇవాళా?" అంది, నేనేదో అడక్కుండా సెలవు పెట్టినట్టు. "నిదానమే ప్రధానం వదినా" అంటే "ఆలస్యం అమృతం విషం" అని నా నోరు మూయించేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. అన్నయ్య నవ్వేవాడు కాదు. ఆలస్యమైతే వదిన మొహం చిన్నబోతుందని మెట్లు రెండేసి దిగేవాడు. ఆ కంగారు నాకు నచ్చేది కాదు. లిఫ్టు గుంతలో దిగే మనిషి కంగారుపడకూడదు.

గుంతంటే లిఫ్టు ఆగే అట్టడుగు అంతస్తుకి కింద ఉండే గొయ్యి. అందులో దిగే ముందు మేడపైన మెషిన్ గదిలో కరెంటు కట్టేసి, 'లోపల మనిషి ఉన్నాడు, ముట్టుకోవద్దు' అన్న అట్ట తగిలించాలి. ఆ అట్ట తీసే హక్కు తగిలించినవాడికే.

ఆ రోజు అన్నయ్య ఓ పాత అపార్టుమెంటు గుంతలో ఉన్నాడు. వానలకి నీళ్లు చేరి కింది స్ప్రింగులు తుప్పుపట్టాయి. నేను ఆఫీసులోనే ఓ మూల కూచుని కాలిపోయిన సర్క్యూటుకి టంకం వేస్తున్నాను. భోజనాల వేళ దగ్గరపడుతుండగా ఆ అపార్టుమెంటు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. మెట్లెక్కలేక జనం తన మీద పడుతున్నారని ఆయన మొత్తుకోవడం నాదాకా వినిపించింది.

వదిన బోర్డు వైపు చూసింది. ఎర్రబిళ్ల గడి చివరికొచ్చి ఉంది.

"కంగారు పడకండి. అయిపోయిందనుకోండి" అంది.

ఫోన్ పెట్టేసి, ఎర్రబిళ్లని పక్క బిల్డింగు గడిలోకి జరిపింది. ఆ చిన్న చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

కాసేపటికి నా ఫోన్ మోగింది. అన్నయ్య.

"మీ వదిన లైన్ దొరకట్లేదురా. బోల్టు కదలట్లేదు. పెద్ద పానా కోసం పైకొచ్చాను, మళ్లీ దిగుతున్నా. ఇంకో గంట పట్టేట్టుందని చెప్పు. కోప్పడొద్దని కూడా చెప్పు. ఫోన్ సంచిలో పెట్టేస్తున్నా, కింద నీళ్లున్నాయి."

"సరే అన్నయ్యా" అని పెట్టేసి వదినకి చెప్పాను.

"గంటా? అయిపోయిందని చెప్పేశానే వాచ్‌మన్‌కి" అంది విసుగ్గా.

అన్న మాట ఆవిడకే వినబడింది. నాకూ వినబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అయిపోయిందనుకోండి అన్నాను" అంది మెల్లగా. "అనుకోండి అనే కదా అన్నాను? నువ్వూ విన్నావు కదా?"

మా ఇంట్లో ఆ 'అనుకో' ఎంత దూరమో మాకు తెలుసు. బయటివాడికేం తెలుస్తుంది? అరుపులు పడి పడి విసిగిపోయిన మనిషికి 'అయిపోయింది' వరకే వినబడుతుంది.

వదిన వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తట్లేదు. అన్నయ్యకి చేసింది. అదీ మోగుతోంది. నేను తాళాల గుత్తి లాక్కుని బండి తీశాను.

దారంతా ఒకటే మొక్కుకున్నాను. వాచ్‌మన్ ముసలాయన, మేడంతా మెట్లెక్కాలి, మోకాళ్లు నొప్పెట్టి మధ్యలో ఎక్కడో కూలబడి ఉండాలి. ఒకరి మోకాళ్లు నొప్పెట్టాలని కోరుకోవడం అదే మొదలు నాకు.

అపార్టుమెంటు కింద ఎవరూ లేరు. వాచ్‌మన్ స్టూలు మీద ఆయన ఫోన్ మోగుతోంది. గోడ పక్కన అన్నయ్య సంచి. పిల్లలు తొంగిచూస్తారని కాబోలు, లోపలికి దిగి లిఫ్టు తలుపు మూసేసుకున్నాడు. తలుపు తెరిచుంటే లిఫ్టు కదలదు. మూసుంటే కదులుతుంది.

తలుపు పైన అంకెలు వెలుగుతున్నాయి. ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

తలుపు తెరిచే తాళంచెవి కోసం గుత్తంతా తడిమాను. నా జేబులో ఫోన్ మోగింది. వదిన. ఎత్తి "ఆగు వదినా" అని అలాగే జేబులో పడేశాను. తాళంచెవి దొరికింది. పెట్టి తిప్పి తలుపు గుంజాను. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

దాని అడుగు నా మోకాళ్ల ఎత్తున ఉంది, అడుగున వేలాడే ఇనుప చట్రం గుంతలోకి దిగి ఉంది. కింద అంతా చీకటి.

"ఏమైందండీ? ఆపేశారేంటి?" అని లిఫ్టులోంచి ఎవరో ఆడమనిషి అరుస్తోంది. మెట్ల మీంచి వాచ్‌మన్ ఆయాసపడుతూ దిగొచ్చాడు. నన్ను చూసి నిలబడిపోయాడు.

"మేడమ్‌గారు అయిపోయిందన్నారు బాబూ! ఆవిడ చెబితేనే అట్ట తీసి స్విచ్ వేశాను! ఆవిడే అన్నారు!" అని గొంతు చించుకున్నాడు.

"పైకెళ్లి మళ్లీ కట్టెయ్యండి! పరిగెత్తండి!" అని అరిచి, నేలకి బోర్లా పడుకుని తల ఆ సందులోకి పెట్టాను. మురుగు నీళ్ల వాసన, గ్రీజు వాసన.

"అన్నయ్యా!"

కింద నీళ్లు ఒకసారి కదిలాయి.

"అన్నయ్యా, నేనే! పలుకు!"

"ఉన్నాన్రా" అన్నాడు. ఆ గొంతు ఆయనదేనని నమ్మడానికి నాకు కాస్త టైం పట్టింది. "స్ప్రింగు మీదకి వంగున్నాను... చప్పుడు విని తిరిగేసరికి చట్రం మీద పడింది... నడుం కింద ఏం తెలీట్లేదు."

"కదలకు. అందర్నీ పిలుస్తాను. కదలకు."

"విను. వాచ్‌మన్ మాట వినబడింది నాకు." ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ వదినకి చెప్పకు. తన మాటవల్లే అని తెలిస్తే బతకదు. నేనే స్విచ్ కట్టడం మర్చిపోయానని చెప్పు. సరేనా? ఒట్టెయ్."

సరేనని ఒట్టేశాను. అంబులెన్సుకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఫోన్ వెచ్చగా ఉంది. వదిన ఇంకా లైన్లోనే ఉంది.