ఇరవై రెండు నిమిషాల నడక

పదకొండు ఎలా అవుతుంది, దారి అదే, కాళ్ళు అవే, మధ్యలో ఎగుడుదిగుడు కాలిబాట కూడా అదే, మరి ఇరవై రెండులో సగం ఎక్కడికి పోయింది అనుకుంటూ ఆయన సదస్సుల హాలు మెట్ల దగ్గర నిలబడి చేతి గడియారం మరోసారి చూసుకున్నాడు. స్టేషన్ రెండో ద్వారం దగ్గర బయల్దేరినప్పుడు పదీ ఐదు. ఇప్పుడు పదీ పదహారు. ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నిక్షేపంగా నడుస్తోంది.

ఆఫీసులో ఆయన్ని అందరూ గడియారం గారంటారు. పందొమ్మిదేళ్ళుగా ఈ హాల్లో ఏ సదస్సు జరిగినా, ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళ చేతిలో పెట్టే చిన్న పుస్తకం రాసేది ఆయనే. ఏ ద్వారంలోంచి బయటికి రావాలి, రోడ్డు ఎక్కడ దాటాలి, గొడుగు ఏ నెలల్లో వెంట ఉండాలి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాల నడక. ఆ నిమిషాలు కూర్చున్నచోట కూర్చుని వేసినవి కావు. ఆదివారాలు అక్కతో కలిసి దారులన్నీ నడిచి, అక్క గడియారం చూసి వేసినవి. పోయినేడు అక్క స్నానాల గదిలో పడి మంచం పట్టాక ఆ గడియారం ఆయన చేతికి వచ్చింది.

పొద్దున మేనేజరమ్మ పిలిచింది. ఆయనకు కూతురుంటే ఆ వయసే ఉండేది.

"గడియారం గారూ, వచ్చే వారం వంతెనల ఇంజనీర్లు ఆరువందల మంది దిగుతున్నారు. మీ పుస్తకం నమ్ముకున్నారంటే తలుపులు తియ్యకముందే వచ్చి గుమ్మంలో నిలబడతారు. పోయినసారి వచ్చినవాళ్ళు రాసిచ్చిన చీటీలు చూశారా?"

"లేదమ్మా."

"చూడండి." ఒక చీటీ ఆయన ముందుకు తోసింది. అందులో ఒకటే వాక్యం. 'ఈ పుస్తకం ఎవరో మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ రాసినట్టుంది.'

పక్క బల్ల దగ్గర టైపిస్టు కిసుక్కుమన్నాడు. "పోనీలెండి సార్. వంతెనలు కట్టేవాళ్ళకి రోడ్డు దాటడం నేర్పేది మనమేగా, కాస్త నిదానంగానే నేర్పుదాం."

"నువ్వూరుకోవయ్యా. ఫోనులో పదకొండు నిమిషాలని చూపిస్తోంది, గడియారం గారూ. మీరే ఒకసారి నడిచి చూడండి. దిద్ది రేపు పొద్దున్నే ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి."

అలా నడిచాడు. ఆ దారిలో ఒంటరిగా నడవడం ఇదే మొదటిసారి. తనకంటూ ఒక నడక ఉందని, అది ఇంత వడిగా ఉంటుందని ఆయనకు ఇవాళే తెలిసింది. ఎవరిదో చొక్కా పొరపాటున తొడుక్కుంటే అది తనకే సరిగ్గా సరిపోయినట్టు సిగ్గేసింది.

పాత పుస్తకం చేత్తో పట్టుకుని అదే దారిలో వెనక్కి నడిచాడు. 'కుడివైపు కాలిబాట మీద నడవండి.' కుడివైపు పట్టుకోవడానికి ఇనప కమ్మీ ఉంది, అందుకని. 'స్టేషన్ రెండో ద్వారం మేలు.' అక్కడ మెట్లు తక్కువ, అందుకని. 'మధ్యాహ్నం చెట్ల వరుస ఉన్న వీధిలోంచి తిరిగి రండి.' అక్కకు ఎండ పడదు. పేజీ తర్వాత పేజీ, ఇన్నాళ్ళూ తను రాసింది ఈ ఊరు కాదు. ఒక మనిషి కుడి మోకాలి చుట్టూ కట్టుకున్న ఊరు. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన వేలమంది, ఆ మోకాలి మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే, అది చెప్పినట్టు నడిచి వెళ్ళిపోయారు.

'సగం దారిలో మందుల షాపు ముందు బల్ల ఉంది, కాసేపు కూర్చోవచ్చు.' బల్ల లేదు. రాళ్ళలో నాలుగు తుప్పు పట్టిన బోల్టులు మాత్రం మిగిలాయి. వచ్చేటప్పుడు వాటిని దాటుకునే వచ్చి ఉంటాడు, చూడలేదు.

"బల్ల ఏమైందండీ?" అని షాపాయన్ని అడిగాడు.

"తీసేసి ఆర్నెల్లయింది సార్. మీరూ అక్కగారూ తప్ప దాని మీద కూర్చున్నవాళ్ళెవరు? ఎలా ఉన్నారావిడ?"

"బాగానే ఉంది. వానలు తగ్గాక నడుస్తుంది."

"పోయిన వానల్లోనూ ఇదే మాటన్నారు," అంటూ షాపాయన మందుల పెట్టెల వైపు తిరిగిపోయాడు.

నిరుడు ఆస్పత్రి వరండాలో డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి, ఇక లేవరు అన్నాడు. ఆ మాటను చేదు మాత్రలా మింగి గదిలోకి వెళ్ళి, వానలు తగ్గాక నడుస్తావట అని అక్కకు చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం మీదే ఇల్లు ఏడాదిగా నిలబడి ఉంది. పుస్తకం ఎప్పుడు అచ్చయినా ముందు చదివేది అక్క. తన నిమిషాలు తను సరిచూసుకుంటుంది. ఇరవై రెండు ఉన్న చోట పదకొండు కనబడితే, తమ్ముడు తనకోసం ఎదురుచూడటం మానేశాడని ఆమెకు తెలిసిపోతుంది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి, పగలు అక్కను చూసుకునే ఆయా అప్పుడే చెప్పులేసుకుని వెళ్ళిపోతోంది. కిటికీ పక్క మంచం మీద అక్క దిండ్లకు ఆనుకుని ఉంది. తలుపు వెనక ఆమె చేతికర్ర ఎప్పటిలాగే నిలబెట్టి ఉంది.

"ఏరా, ముఖం అలా వేలాడేశావేం? ఎవరన్నా గడ్డిపెట్టారా?"

"లేదక్కా. పుస్తకం దిద్దమన్నారు."

"ఇంజనీర్లకా? ఇటివ్వు." కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. "బల్ల ఉందంట్రా ఇంకా?"

"ఉంది."

"చూశావా?"

"చూశానక్కా."

"నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం చేతకాదురా. చెవులెర్రబడతాయి. అది తీసేశారని ఆయా ఎప్పుడో చెప్పింది. నా మందులు తెచ్చేది ఆ షాపునుంచేగా." పుస్తకం గుండెల మీద బోర్లా పెట్టుకుంది. "సరే, ఎన్ని నిమిషాలు పట్టింది?"

ఆయన గడియారానికి కీ ఇవ్వడం మొదలెట్టాడు.

"నిన్నేరా. ఒక్కడివే నడిచావుగా?"

"పదకొండు."

అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. "ఓరి నీ! పదకొండే? మరి అన్నేళ్ళు నా పక్కన కాళ్ళెలా ఈడ్చుకొచ్చావురా?"

"తెలియదక్కా," అన్నాడు. అది మటుకు నిజం. "తొందరేం లేదులే. వానలు తగ్గాక మనిద్దరం మళ్ళీ కొలుద్దాం," అన్నాడు.

"నేను లేవనురా."

ఆ మాట, పప్పులో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అంది.

"ఆ డాక్టరు తలుపు వెయ్యకుండానే నీకు చెప్పాడు. అంతా విన్నాను. నువ్వొచ్చి వానలు, వానలు అంటుంటే, వీడింకా తట్టుకోలేడులే అని ఊరుకున్నా. ఏడాదయింది. నాకూ విసుగొచ్చింది." పుస్తకం ఆయన వైపు జరిపింది. "రాసెయ్. నా మూలంగా ఆరువందల మంది గుమ్మంలో నిలబడటం ఎందుకు?"

పక్కకు తిరగలేని మనిషి కనక, మెడ మాత్రం కిటికీ వైపు తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆశ అక్కదనీ, దాన్ని మోస్తున్నది తాననీ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆశ తనది. పడుకున్నచోటునుంచి ఏడాదిపాటు దాన్ని మోసింది అక్క. ఇవాళ దించేసింది. దాన్ని అందుకుందామని చూస్తే అందుకోవడానికి అక్కడేమీ లేదు. బజార్లో సంచి మరిచిపోయి వచ్చినవాడిలా చేతులు తేలిగ్గా, పనికిరాకుండా ఉన్నాయి. ఈ గదిలో ఇకమీదట ఏ మాట చెప్పుకోవాలి? రేపు పొద్దున? ఎల్లుండి?

కిటికీ అవతల ఎవరో గబగబా నడిచి వెళ్ళారు. అక్క నిద్రపోలేదని రెప్పలు చెబుతూనే ఉన్నాయి.

బల్ల గురించిన వాక్యం ముందు కొట్టేశాడు. అది తేలికే అయింది. తర్వాత కలం సరిగా సాగలేదు. అరచేతి మీద రెండుసార్లు గీకి, సిరా దిగాక, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, పక్కపక్కనున్న రెండు రెళ్ళ మీదా ఒకే గీత గీసి, పైన రెండు ఒకట్లు వేశాడు.