పదిమందిలో తొమ్మిదిమంది ఆగారు

మనోజ్ఞకు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. లేస్తుంది, కాఫీ మిషన్ దాకా వెళ్తుంది, కప్పు పట్టకుండానే తిరిగొస్తుంది. మధ్యాహ్నం ట్రాఫిక్ అధికారులు వస్తున్నారు. ఆమె సంతకంతో రిపోర్టు వాళ్ళ చేతికిస్తే చాలు, నగరంలో ఎన్నో రోడ్ల మీద ఆమె డిజైన్ చేసిన బోర్డులు లేస్తాయి. మరి ఈ గుబులెందుకంటారా? ఇవాళే వాళ్ళమ్మ ఒంటరిగా రోడ్డు దాటబోతోంది.

రోడ్డు దాటడం కూడా ఒక ఘనకార్యమేనా అని నవ్వకండి. ఫిల్మ్‌నగర్‌లో ఆ మలుపు దగ్గర పొద్దున పూట ఒకసారి నిలబడి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. మనోజ్ఞ తల్లి లీలాకుమారి డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద ఏ తల్లి ఏడ్చినా సగం ఏడుపులు ఆవిడ గొంతులోవే. ఇల్లు రోడ్డుకి ఇటుపక్క, స్టూడియో అటుపక్క. కిందటి వేసవిలో జీబ్రా గీతల మీదే ఒక బైకు ఆవిడని రాసుకుంటూ పోయింది. దెబ్బలు తగల్లేదు గానీ భయం పట్టుకుంది, ఇక గడప దిగలేదు. స్టూడియో వాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరే గొంతులు వెతుక్కున్నారు. ఇంట్లో తల్లి గిన్నెలతో మాట్లాడుకుంటుంటే మనోజ్ఞ రోజూ వింటూ వచ్చింది.

అందుకే తన ఆఫీసు వాళ్ళు, నడిచేవాళ్ళ కోసం బళ్ళు ఆగేలా చేసే ప్రయోగానికి ఒక రోడ్డు కావాలన్నప్పుడు పట్టుబట్టి ఆ మలుపునే పెట్టించుకుంది. జరిమానాలు వద్దు, తిట్లు వద్దు. పక్కవాడు మంచిగా ఉన్నాడని తెలిస్తే మనమూ మంచిగా ఉంటాం, అదీ ఆమె సిద్ధాంతం. గీతల పక్కన వెలిగే బోర్డు పెట్టింది. నవ్వుతున్న ఒక ముఖం, కింద ఆ రోజు లెక్క: 'నిన్న ఇక్కడ పదిమందిలో ఆరుగురు ఆగారు. మీరు?' ఎవరు ఆగుతున్నారో కెమెరా చూస్తుంది, కంప్యూటర్ లెక్కపెడుతుంది, బోర్డు మీద అంకె మారుతుంది. ఆరుగురు ఏడుగురయ్యారు. ఏడుగురు తొమ్మిదిమందయ్యారు. మనోజ్ఞ ఆనందం ఇంతా అంతా కాదు.

"నువ్వు చెబితే వెళ్తానే," అంది లీలాకుమారి ఇవాళ పొద్దున, చాలాకాలం తర్వాత స్టూడియో నుంచి పిలుపొస్తే.

"నేను కాదమ్మా, లెక్కలు చెబుతున్నాయి. ధైర్యంగా వెళ్ళు," అని ఆఫీసుకు వచ్చేసింది కూతురు.

ఇప్పుడు అధికారులకు చూపించడానికి ఒక మంచి వీడియో ముక్క కావాలి. ఇన్నాళ్ళూ అంకెలే చూసింది తప్ప కెమెరా రికార్డింగులు చూడలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకటి తెరిచింది. గీతల ముందు కారు ఆగింది. ఒక ముసలాయన నిదానంగా దాటాడు. మనోజ్ఞకు కళ్ళు చెమర్చాయి. అంతలో కారు అద్దం దిగింది.

"అన్నా, ఏం సిన్మా? హీరో ఎవరు?"

కెమెరా పక్కన కాపలా ఉన్న పోచయ్య గొంతు గంభీరంగా వినబడింది. "చెప్పొద్దన్నరు అన్నా."

మనోజ్ఞ నవ్వింది. ఇంకో ముక్క తెరిచింది. బైకు మీద కుర్రాడు ఆగి, అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంటున్నాడు. మరో దాంట్లో ఆటో డ్రైవరు, "షాట్ అయిపోయిందా? పోవచ్చా?" అంటున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

కెమెరా స్టాండునూ, దాని మీది పెద్ద నల్ల గొడుగునూ కృష్ణానగర్‌లో సినిమా సామాన్ల కొట్టు నుంచి అద్దెకు తెచ్చారు. ఫలితం పాడవకూడదని, ఎవరడిగినా ఏమీ చెప్పొద్దని పోచయ్యకు గట్టిగా చెప్పింది తనే. ఫిల్మ్‌నగర్‌లో ఏ సినిమానో చెప్పకపోతే ఏమనుకుంటారు? పెద్ద హీరో సినిమా అనుకుంటారు. షాట్‌కి అడ్డం పోకూడదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్ళు మనుషుల కోసం ఆగలేదు. షూటింగ్ అనుకుని ఆగారు.

ప్రయోగం పూర్తయిందని ఆ స్టాండూ గొడుగూ నిన్న సాయంత్రమే కొట్టుకు తిరిగి వెళ్ళిపోయాయి.

అమ్మకు ఫోన్ చేసింది. స్విచాఫ్. రికార్డింగ్ ఉన్న రోజు ఇంట్లోనే ఫోన్ ఆపేసి బయల్దేరడం ఆవిడ అలవాటు. మనోజ్ఞ బ్యాగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. దొరికిన ఆటో ఎక్కి, "తొందరగా పోనివ్వండి అన్నా, తొందరగా," అంటూనే ఉంది. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ నిలిచిపోతే ఆమెకు ఏడుపొచ్చింది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి లీలాకుమారి నడిరోడ్డు మీద ఉంది. పక్కన బోర్డు నవ్వుతూ వెలుగుతోంది, పదిమందిలో తొమ్మిదిమంది ఆగారని. ఒక్కడంటే ఒక్కడు ఆగడం లేదు. ముందు నుంచి కారు, వెనక నుంచి బైకు. ఆవిడ చేతిసంచి గుండెకు అదుముకుని కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. మనోజ్ఞ చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు మీదకు దూకింది. "చావనీకి మా బండే దొరికిందా?" అని ఎవరో తిట్టారు. తల్లిని నడుం పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది.

"బోర్డు చదివానే," అంది లీలాకుమారి. "చదివే దిగాను."

మనోజ్ఞ తల్లి చేతిసంచి అందుకుంది. ఫోన్ మోగింది. కంపెనీ యజమాని విహారి.

"ఎక్కడున్నావ్? అధికారులు బయల్దేరారట. సంతకం పెట్టాలి."

ఆమె జరిగింది చెప్పింది.

"అయితే మంచిదే కదా. ఎందుకు ఆగితే మనకేంటి, ఆగారు. అన్ని చోట్లా కెమెరాలాంటి ఒక ఖాళీ డబ్బా, గొడుగు పెట్టేద్దాం."

"నాలుగు రోజులకి డబ్బా అని తెలిసిపోతుంది విహారి గారూ. అప్పుడు?"

"అప్పటి సంగతి అప్పుడు. ముందు నువ్వు రా."

"మీ అమ్మగారిని ఒకసారి ఇక్కడికి పంపండి," అంది మనోజ్ఞ. "బోర్డు చదివి రోడ్డు మీదకు దిగమనండి. ఆవిడ అవతలికి చేరాక వచ్చి సంతకం పెడతాను."

ఫోన్ పెట్టేసి చూసేసరికి లీలాకుమారి ఒక ఆటోని ఆపింది. ఎదురుగా ఉన్నదానికి ఆటో ఎక్కితే నలుగురూ నవ్వుతారని ఇన్నాళ్ళూ ఆవిడ ఇంట్లోనే కూర్చుంది. ఇప్పుడు చీర సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా ఎక్కి కూర్చుంది. స్టూడియో గేటు చూపించి, చివరి యూటర్న్ దాకా వెళ్ళి తిప్పుకు రమ్మంది.

"గీడికేనా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "గది ఎదురుంగనే ఉంది గద."

"తెలుసు నాయనా," అంది లీలాకుమారి. "అంత దూరం నేను నడవలేను."